పిస్తోలు ముట్టుకున్న రోజు

నేను జీవితంలో ఒక్కసారే పిస్తోలు పట్టుకున్నాను. అది కూడా పది సెకన్లకు మించదు. ఆ పది సెకన్ల గురించి మాత్రం చాలామందికి చెప్పాల్సి వచ్చింది. ప్లాంటు సేఫ్టీ ఆఫీసులో చెప్పాను, పోలీస్ స్టేషన్లో రెండుసార్లు చెప్పాను, క్యాంపులో గదివాళ్లకు చెప్పాను, ఫోన్లో నా భార్యకు చెప్పాను. చెప్పగా చెప్పగా అది ఇంకెవరికో జరిగినట్టు అయిపోయింది. ఇప్పుడు రాస్తుంటే కూడా అలాగే ఉంది.

మాది జగిత్యాల వైపు. సౌదీలోని యాన్బు వచ్చి పదకొండేళ్లయింది. ఇక్కడొక రసాయనాల ప్లాంటులో కాంట్రాక్టు కంపెనీ తరఫున పంపు మెకానిక్‌గా పనిచేస్తున్నాను. పాడైన పంపును విప్పడం, సీలు, బేరింగులు మార్చడం, మళ్లీ బిగించి నడిపించి చూపించడం నా పని. నాలుగేళ్ల కింద ప్లాంటులో అత్యవసర బృందానికి వాలంటీర్లు కావాలని నోటీసు పెట్టారు. మంటలు లేచినా, గ్యాస్ లీకైనా, మనిషి పడిపోయినా అంబులెన్స్ వచ్చేలోగా చేయాల్సిన పని నేర్పిస్తామన్నారు. పేరు ఇచ్చాను. సేవ చేద్దామని ఇచ్చానంటే అబద్ధం. జూలై నెలలో రెండు రోజుల శిక్షణ ఏసీ గదిలో ఉంటుందన్నారు, అందుకని ఇచ్చాను.

ఆ శిక్షణలో బొమ్మ మనిషి ఛాతీ మీద నొక్కడం నేర్చుకున్నాను. స్ట్రెచర్ ఎత్తడం, మంటలార్పే సిలిండర్ వాడటం నేర్చుకున్నాను. చివర్లో బొమ్మ, బొమ్మ పక్కన నేను ఉన్న ఫోటో తీసి, ఒక కార్డు ఇచ్చారు. ఏమేం చేయవచ్చో ఆ కార్డు వెనక అరబిక్‌లో, ఇంగ్లిష్‌లో రాసి ఉండేది. శిక్షణలో ఎవరో అడిగారు, పడిపోయినవాడి దగ్గర తుపాకీ ఉంటే ఏం చేయాలని. శిక్షకుడు నవ్వి, అది మీ పని కాదు, పోలీసుల పని అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత బిర్యానీ పెట్టారు.

మా ప్లాంటు మెయిన్ గేటు దగ్గర ఇద్దరు కాపలాదారులు ఉండేవారు. వాళ్ల నడుముకు పిస్తోళ్లు ఉండేవి. అందులో ఒకాయన పెద్దవాడు, సౌదీ మనిషి, గడ్డం సగం తెల్లబడింది. పదకొండేళ్లుగా రోజూ నన్ను చూస్తున్నా, ఇక్కడ ఉండటానికి ప్రభుత్వమిచ్చే ఇకామా కార్డు రోజూ అడిగి చూసేవాడు. చూసి, "సదీక్" అని తిరిగి ఇచ్చేవాడు. సదీక్ అంటే స్నేహితుడు. ఇక్కడ పేరు తెలియని ప్రతివాడూ సదీకే. రంజాన్ నెలలో సాయంత్రం బస్సు ఆపి అందరి చేతుల్లో ఖర్జూరాలు పెట్టేవాడు. అంతకుమించి ఆయన గురించి నాకేమీ తెలియదు.

ఆయన పిస్తోలు వైపు నేనెప్పుడూ సరిగ్గా చూసింది లేదు. మా వైపు నా చిన్నతనంలో తుపాకీ కొత్త వస్తువు కాదు. ఒకవారం ఒక పక్షంవాళ్లు, ఇంకోవారం రెండో పక్షంవాళ్లు తుపాకులతో ఊళ్లోకి వచ్చేవారు. వాళ్లొచ్చినప్పుడు మా నాయన నన్ను వెనక్కు లాగి, "వాని చేతి దిక్కు చూడకు బిడ్డా, కాళ్ల దిక్కు చూడు" అనేవాడు. అట్లా నాకు చాలా బూట్లు గుర్తున్నాయి, తుపాకులు గుర్తులేవు.

ఆ రోజు పొద్దున పోర్టు వైపు వర్క్‌షాపులో ఒక పంపు షాఫ్టు చేయించుకుని బస్సులో వెనక్కి వస్తున్నాం. మధ్యాహ్నం నమాజుకు ఇంకా కొంచెం టైముంది. సముద్రం మీది నుంచి వచ్చే ఉక్కకు ఒంటినిండా వేసుకునే కవరాల్ చర్మానికి అతుక్కుపోయి ఉంది. వస్తువు లోపలికి తీసుకుపోవాలంటే తస్రీహ్ అనే అనుమతి కాగితం మీద గేటులో ముద్ర వేయించాలి. ఇరవై మంది బస్సులో కూర్చున్నారు. నేను కాగితం పట్టుకుని కాబిన్‌లోకి వెళ్లాను.

పెద్దాయన కుర్చీలో ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. మొహం చెమటతో మెరుస్తోంది. లోపల ఏసీ చల్లగా ఉంది. నన్ను చూసి చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు. "మోయా" అన్నాడు. నీళ్లు. ఆ మాట నాకు తెలుసు. బల్ల మీద సీసా కూడా ఉంది. కానీ శిక్షణలో చెప్పారు, గుండె నొప్పి మనిషికి నోట్లో ఏమీ పోయకూడదని. నేను సీసా ముట్టుకోలేదు. గోడకున్న ఎమర్జెన్సీ ఫోన్ తీసి మెయిన్ గేటు అని చెప్పాను. బయట బండ్లు చెక్ చేస్తున్న రెండో కాపలాదారును కేకేశాను. అతను తొంగిచూసి, అంబులెన్స్ కోసం లోపలి గేటు తెరవడానికి పరుగెత్తాడు.

నేను వెనక్కి తిరిగేసరికి పెద్దాయన కుర్చీలోంచి బల్ల కిందికి జారిపోయాడు. పిలిచాను, కదల్లేదు. శ్వాస లేదు. ఆ ఇరుకులో ఛాతీ నొక్కడానికి చోటు లేదు. చంకల కింద చేతులు పెట్టి గుమ్మం వైపు లాగాను. బరువైన మనిషి. లాగుతుంటే నడుము బెల్టు తలుపుకు అడ్డంగా ఉండే ఇనుప ముక్కకు తట్టుకుంది. గట్టిగా లాగాను. పిస్తోలు పెట్టుకునే తోలు సంచి పట్టీ తెగినట్టు ఊడింది. పిస్తోలు గచ్చు మీద పడి కొంచెం జారింది.

అప్పటికే బస్సులోంచి మనుషులు దిగి గుమ్మం దగ్గరికి వస్తున్నారు. పిస్తోలు వాళ్ల కాళ్లకూ నా మోకాళ్లకూ మధ్యలో ఉంది. నేను చెయ్యి చాపాను. బస్సు డ్రైవరు పెషావర్ మనిషి. అతను వెనకనుంచి ఉర్దూలో అరిచాడు, "ముట్టుకోకు భాయ్! ముట్టుకోకు, నిన్ను లోపలేస్తారు!"

ముట్టుకున్నాను. పిడి దగ్గర పట్టుకుని, వేలు దూరంగా పెట్టి, గొట్టం గోడ వైపు తిప్పి తీశాను. విజిటర్ కార్డులు పెట్టే సొరుగు తెరిచే ఉంది, తాళంచెవి దానికే వేలాడుతోంది. పిస్తోలు కార్డుల మీద పెట్టాను. సొరుగు మూసి, తాళం వేసి, తాళంచెవి ఛాతీ జేబులో వేసుకున్నాను. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని నొక్కడం మొదలుపెట్టాను.

ఎంతసేపు నొక్కానో నాకు తెలియదు. తర్వాత కాగితాల్లో తొమ్మిది నిమిషాలని రాశారు. నేను ముప్పై దాకా లెక్కపెట్టడం, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడం గుర్తుంది. తెలుగులో లెక్కపెట్టాను. ఒకసారి నా అరచేతుల కింద ఏదో పటుక్కుమంది. శిక్షణలో చెప్పారు, ఎముక విరగొచ్చు, ఆపొద్దని. ఆపలేదు. ప్లాంటు అంబులెన్స్ వచ్చింది. పారామెడిక్ నన్ను భుజం పట్టి పక్కకు జరిపాడు. పెద్దాయనను ఎక్కించారు, రెండో కాపలాదారు కూడా ఎక్కాడు, వెళ్లిపోయారు. క్లినిక్‌కి పోయి నీళ్లు తాగు అని పారామెడిక్ నాతో అన్నాడు. నేను పోయాను.

క్లినిక్ గేటు నుంచి రెండు వందల అడుగులు. అక్కడి నర్సు మన కాకినాడ వైపు ఆవిడ, నాకంటే పెద్దది, నేను అక్కా అంటాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చేతులు కడిగించింది, గ్లాసులో ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు ఇచ్చింది. నేను తాగుతూ గోడ మీది కేలండర్ చూస్తున్నాను. ఫోన్ మోగింది. ఆవిడ విని పెట్టేసింది.

"ఏంటో తమ్ముడూ, అన్ని గేట్లూ మూసేస్తున్నారంట. మెయిన్ గేటులో గార్డు పిస్తోలు కనపడట్లేదంట. ఎవరూ బయటికెళ్లకూడదంట."

"అట్లనా" అన్నాను. ఇంకో గుక్క తాగాను.

మాట చెవిలో పడింది, లోపలికి పోలేదు. ఆ పిస్తోలు ఎవరిదో, ఎక్కడుందో నాకు తట్టనేలేదు. సైరన్ మోగింది. ఆవిడ కిటికీ తెర తీసి చూసి, మళ్లీ నా వైపు తిరిగింది.

"తమ్ముడూ, నువ్వే కదా అక్కడున్నది?"

అప్పుడు జేబులో చెయ్యి పెట్టాను. తాళంచెవి ఉంది. దాన్ని తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ దాని వైపు, నా వైపు చూసింది. మొహం మారిపోయింది.

"ఎంతసేపైంది?"

"తెల్వదక్కా."

"సర్లే. నువ్వు ఒక్కడివే వెళ్లకు. నేనొస్తున్నా. అక్కడ ఎవరడిగినా జరిగింది జరిగినట్టు చెప్పు, ఎక్కువా తక్కువా చెప్పకు. చేతులు కనపడేలా పెట్టుకో."

ఆవిడ ముందు నడిచింది, వెనక నేను. గేటు దగ్గర మూడు పోలీసు బండ్లు ఉన్నాయి. బస్సులోవాళ్లందర్నీ వరసగా ఎండలో నిలబెట్టి జేబులు వెతుకుతున్నారు. నేను పిస్తోలు తీయడం చూసినవాళ్లు, నన్ను పట్టిచ్చినట్టవుతుందని బయటపెట్టలేదట. నావల్లే అందరూ ఎండలో నిలబడ్డారు. అప్పుడు సిగ్గేయాల్సింది, వేయలేదు. నర్సు అక్క తాళంచెవిని తన అరచేతిలో పెట్టి, చెయ్యి చాపి పట్టుకుని, వచ్చీరాని అరబిక్‌లో పోలీసు అధికారికి చెప్పింది. సొరుగు తెరిచారు. పిస్తోలు విజిటర్ కార్డుల మీద నేను పెట్టినట్టే ఉంది. గుళ్లు లెక్కపెట్టారు, అన్నీ ఉన్నాయి. అది దొరకక గడిచిన సమయం నలభై నిమిషాలు.

నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. బండి వెనక సీట్లో కూర్చోబెట్టి స్టేషన్‌కు తీసుకెళ్లారు. కంపెనీ తరఫున ఆఫీసుల పనులు చూసే మందూబ్, పాకిస్తానీ పెద్దమనిషి, దుబాసీగా వచ్చాడు. అధికారి నెమ్మదిగా అడిగాడు, మందూబ్ ఉర్దూలో చెప్పాడు.

"ఆయుధం ముట్టుకోవడానికి నీకెవరు అనుమతిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు."

"విదేశీయుడికి ఆ హక్కు లేదని తెలుసా?"

"తెలుసు."

"మరెందుకు తీశావు?"

"దారిలో ఉంది. ఎవరైనా తొక్కుతారని."

"తీసి పక్కన పెట్టొచ్చు. తాళం ఎందుకేశావు? తాళంచెవి ఎందుకు తీసుకెళ్లావు?"

మా పనిలో విలువైన వస్తువు పెట్టెలో పెట్టి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకోవడం అలవాటు. చేతులు అలవాటు పని చేశాయి. అదే చెప్పాను. మందూబ్ దాన్ని ఎట్లా చెప్పాడో నాకు తెలియదు. అధికారి నా వాలంటీరు కార్డు అడిగాడు. వెనక రాసింది చదివాడు. వేలితో ఒక్కో వాక్యం చూపించాడు. సిలిండర్, స్ట్రెచర్, గుండెకు షాకిచ్చే యంత్రం. "ఆయుధం అని ఎక్కడుంది?" అన్నాడు. లేదన్నాను. అత్యవసరంలో వాలంటీర్లకు మినహాయింపేమైనా ఉందా అని మందూబ్ తనంతట తానే అడిగాడు. అధికారి కార్డు బల్ల మీద పెట్టి, "నాకు తెలిసి లేదు, పైవాళ్లను అడగాలి" అన్నాడు.

మధ్యలో అల్యూమినియం పళ్లెంలో అన్నం, కోడి ముక్కలు తెచ్చి పెట్టారు. అంతా తిన్నాను. రుచి గుర్తులేదు, ఖాళీ పళ్లెం గుర్తుంది. ఎండ తగ్గేలోపే కంపెనీ పూచీ మీద పంపించారు. ఇకామా అక్కడే ఉంచుకున్నారు. ఫైలు తేలేదాకా దేశం దాటడానికి లేదన్నారు.

గదికి వచ్చేసరికి అందరికీ తెలిసిపోయింది. మేం ఆరుగురం, అందరం మా జిల్లా పక్కల వాళ్లమే. ఒకడు అడిగాడు, "పిస్తోలు ఎంత బరువున్నదే?" ఇంకొకడు, "నిజంగ నిండ గుళ్లున్నయా?" పైపు రెంచీ అంత ఉందని చెప్పాను. పెద్దాయన ఎలా ఉన్నాడని ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు. అది తర్వాత గమనించాను.

మర్నాడు క్లినిక్‌కి పోయాను. స్టేట్‌మెంటు కాగితం మీద సంతకం కావాలన్నారు. నర్సు అక్క కుర్చీలోంచి లేచి నిలబడి చెప్పింది.

"పెద్దాయన పోయాడు తమ్ముడూ. దారిలోనే పోయాడంట. నిన్ననే తెలిసింది, నీకెలా చెప్పాలా అని ఊరుకున్నా."

"సరే అక్కా. సంతకం ఏడ పెట్టాలె?" అన్నాను.

ఆవిడ కాగితం మీద చోటు చూపించింది.

మూడు వారాల తర్వాత నేను లీవు మీద ఇంటికి పోవాల్సి ఉంది. పెద్దమ్మాయికి ఇంజినీరింగ్ సీటు కౌన్సెలింగ్, హైదరాబాదుకు నేనే తీసుకుపోతానని మాటిచ్చాను. ఇంటికి పోయి తిరిగి రావడానికిచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ అనుమతి ఆగిపోయింది. ఫోన్ చేసి చెప్పాను.

"అయితె రావా?" అంది నా భార్య.

"ఇడిసిపెడితె వస్త."

"నువ్వు మంచికే జేసినవ్ గద. మనిషిని బతికియ్యనీకె జేసినవ్. గదానికి గూడ కేసేనా?"

"కేసు గాదు. ఫైలు."

"రెండిట్ల ఫరకేంది?"

నాకు తెలియదన్నాను. తర్వాత, "నువ్వు బువ్వ తింటున్నవా?" అని అడిగింది. తింటున్నానని చెప్పాను. కౌన్సెలింగ్‌కు తనే తీసుకుపోయింది. ఎన్నడూ హైదరాబాదులో ఒక్కతే తిరగని మనిషి, అడ్రసు కాగితం మీద రాసుకుని, రెండు సిటీ బస్సులు మారి పోయింది. సీటు కరీంనగర్‌లో వచ్చింది. అమ్మాయి వాట్సాప్‌లో కాగితం ఫోటో పంపింది. సంతోషం అని టైపు చేశాను.

రెండోసారి స్టేషన్‌కు పిలిచినప్పుడు అక్కడొక మనిషి కూర్చుని ఉన్నాడు. తోబ్ అనే పొడవాటి తెల్లటి అంగీ వేసుకున్నాడు, ముప్పై దాటిన వయసు, ఏదో బడిలో టీచరట. పెద్దాయన కొడుకు. నన్ను చూసి లేచి చెయ్యి ఇచ్చాడు. తనకు ఈ మనిషి మీద ఏ ఫిర్యాదూ లేదని అధికారికి కాగితం రాసిచ్చాడని మందూబ్ చెప్పాడు. తర్వాత ఆ కొడుకు నన్నొక మాట అడగాలన్నాడు.

"మా నాన్న చివరిగా ఏమైనా అన్నాడా?"

మందూబ్ ఉర్దూలో చెప్పి, నా చెవి దగ్గర తన మాట ఒకటి కలిపాడు, "దేవుణ్ని తలుచుకున్నాడని చెప్పు, సరిపోతుంది."

నేను నేలవైపు చూశాను. ఆ కొడుకు కాళ్లకు మామూలు చెప్పులు ఉన్నాయి, దుమ్ముపట్టి. అబద్ధం చెప్పడం తేలికే. ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. మందూబ్‌ను అడగకుండా నాకొచ్చిన నాలుగు అరబిక్ మాటల్లో నేనే చెప్పాను. మోయా అన్నాడు. నేను ఇవ్వలేదు. శిక్షణలో ఇవ్వొద్దన్నారు.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. తలమీది గుత్రా గుడ్డ కొస మొహం మీదికి లాక్కున్నాడు. కొంతసేపటికి తుడుచుకుని మందూబ్‌తో ఏదో అన్నాడు. "నీళ్లడిగితే నువ్వివ్వలేదని చెప్పినవాడివి మిగతాది కూడా నిజమే చెప్పి ఉంటావు అంటున్నాడు" అని మందూబ్ చెప్పాడు. ఆయన మళ్లీ చెయ్యి ఇచ్చి వెళ్లిపోయాడు. ఆ చెయ్యి తడిగా ఉంది. నా కళ్లు పొడిగానే ఉన్నాయి.

ఆ రోజే ఫైలు మూశారు. నేరం లేదన్నారు. ఇకమీదట ఆయుధం ముట్టుకోనని ఒక హామీ పత్రం మీద సంతకం పెట్టి వేలిముద్ర వేయమన్నారు. అంతా అరబిక్. ఒక్క అక్షరం చదవలేదు. వేశాను. ఇకామా ఇచ్చారు.

తర్వాతి నెలలో ప్లాంటులో సమావేశం పెట్టారు. వాలంటీర్ల నియమాలు మార్చాలట. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. కొత్త శిక్షకుడు అమెరికా మనిషి, ఎర్రటి మొహం, నెమ్మదిగా మాట్లాడతాడు. అతను తన ఊళ్లో ఇరవై ఏళ్లు జీతం లేని ఫైర్‌మన్‌గా చేశాడట. వాళ్ల రాష్ట్రంలో అలాంటి వాలంటీర్లు శిక్షణ తీసుకుంటే, మామూలు జనానికి కుదరని చోట్ల కూడా తమ పిస్తోలు తాము నడుముకు పెట్టుకుని వెళ్లవచ్చని, చట్టంలో వాళ్లకు మినహాయింపు ఉందని చెప్పాడు.

వెనకనుంచి ఒక కేరళ అతను అడిగాడు, "మంటలార్పడానికి పిస్తోలెందుకు సార్?"

శిక్షకుడు భుజాలు ఎగరేశాడు. "నేనైతే ఎప్పుడూ పెట్టుకోలేదు. బరువు" అన్నాడు. "పెట్టుకున్నవాళ్లు మంచివాళ్లే. ఇంటి దగ్గర ఒంటరి రోడ్ల మీద పోవాలి, ఎవడు ఎలా ఉంటాడో తెలియదు అనేవారు." తర్వాత నా వైపు చూసి, "ఇక్కడ మీకు తుపాకీ పెట్టుకునే హక్కు అక్కర్లేదు. పక్కకు తీసే హక్కు కావాలి, అంతే కదా?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను తలూపాను. ఆ ప్రశ్న నాకు సంబంధించిందని అనిపించలేదు.

ప్లాంటువాళ్లు పైఅధికారులతో రాయించుకుని కొత్త నియమం తెచ్చారు. పడిపోయిన మనిషి దగ్గర ఆయుధం ఉండి, అది సాయానికి అడ్డమైతే, వాలంటీరు ఒక సాక్షి ముందు దాన్ని చేతికందనంత దూరం జరపవచ్చు. తాళం వేయకూడదు. అక్కడి నుంచి కదలకూడదు. మొదట వచ్చిన కాపలాదారుకు చూపించాలి. కార్డు వెనక ఈ నాలుగు వాక్యాలు కొత్తగా వేశారు. తాళం వాక్యం నాదని అందరికీ తెలుసు. బస్సు డ్రైవరు కార్డు చూసి నవ్వాడు, "నేను ముట్టుకోవద్దన్నాను, ఇప్పుడు ముట్టుకోవచ్చని రాయించావు" అన్నాడు. అతనే స్టేషన్లో నా తరఫున సాక్ష్యం చెప్పాడు. నేను కృతజ్ఞత చెప్పడం మర్చిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. చెప్పాను. అతను చెయ్యి ఊపేశాడు.

ఈ నియమం కోసం ఒక డ్రిల్లు పెట్టారు. బొమ్మ మనిషికి బెల్టు కట్టి, నారింజ రంగు ప్లాస్టిక్ పిస్తోలు పెట్టారు. ముందు నన్నే చేసి చూపించమన్నారు. మోకాళ్ల మీద కూర్చున్నాను. చెయ్యి చాపాను. చెయ్యి ప్లాస్టిక్ పిస్తోలుకు జానెడు దూరంలో ఆగిపోయింది. నొప్పి లేదు, వణుకు లేదు. చెయ్యి పోవడం లేదు, అంతే. చుట్టూ ఉన్నవాళ్లు నేను ఆలోచిస్తున్నానని అనుకున్నారు.

నర్సు అక్క వచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "తమ్ముడూ, నేను సాక్షిని. నువ్వు చెప్పు, నేను చేస్తా" అంది మెల్లగా.

"ఆయుధం ఉన్నది" అన్నాను. "పక్కకు జరపండి."

ఆవిడ జరిపింది. నేను బొమ్మ ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. శిక్షకుడు గడియారం చూసుకుంటూ బాగుందన్నాడు. ఇద్దరు కలిసి చేయడం ఇంకా మంచిదని తన పుస్తకంలో రాసుకున్నాడు.

లీవు ఆ తర్వాత రెండు నెలలకు దొరికింది. ఇంటికి పోయి ఇరవై ఎనిమిది రోజులున్నాను. అప్పటిదాకా ఇంటి నుంచే బస్సులో కాలేజీకి పోయొస్తున్న అమ్మాయిని కరీంనగర్ హాస్టల్లో దింపాను, బకెట్టు, తాళం, పరుపు కొనిచ్చాను. నా భార్య ఒకరోజు కూరగాయలు తరుగుతూ అడిగింది, "ఆ ముసలాయన యాదికొస్తడా?" రాడన్నాను. నిజమే చెప్పాను. ఆయన మొహం నాకు గుర్తు రాదు. ఇకామా కార్డు చూసి తిరిగి ఇచ్చే చెయ్యి కూడా రాదు. అలా అన్నందుకు తను నా వైపు చూసి, మళ్లీ బెండకాయలు తరగడంలో పడింది.

తిరిగొచ్చాక వాలంటీరు కార్డు గడువు అయిపోయిందని, కొనసాగుతావా లేదా రాయమని క్లినిక్‌లో కాగితం ఇచ్చారు. అవును, కాదు అని రెండు గళ్లు ఉన్నాయి. మానేస్తానని గదిలో ముందే చెప్పి ఉన్నాను. పెన్ను తీసుకుని అవును గడిలో టిక్కు పెట్టాను. ఎందుకని నర్సు అక్క అడిగింది. "ఎవలో ఒకలు ఉండాలె గదక్కా" అన్నాను. ఆ జవాబు కూడా నాకు ఎవరో అన్నట్టే వినిపించింది. ఆవిడ కాగితం తీసుకుని, తేదీ వేయడం మర్చిపోయావని వెనక్కి ఇచ్చింది. తేదీ వేసి, పంపు దగ్గరికి పోయాను.